వ్యానగన్‌లో ఏఎల్‌హెచ్ టీడీఐ పెడుతున్నా: యాక్సిలరేటర్ పెడల్ ఏది తీసుకోవాలి?

వెనకింజిన్_87:

అందరికీ నమస్కారం. ఒహాయోలో ఉంటాను. బండి 1987 ఫోక్స్‌వ్యాగన్ వ్యానగన్, 2.1 లీటర్ల పెట్రోల్ వాటర్‌బాక్సర్ (నీటితో చల్లబడే బాక్సర్ ఇంజిన్), నాలుగు గేర్ల మాన్యువల్. పాత ఇంజిన్ దింపేసి 2001 జెట్టాలోని 1.9 టీడీఐ డీజిల్, అంటే ఏఎల్‌హెచ్ ఇంజిన్ ఎక్కిస్తున్నాను. ఇంజిన్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఇంజిన్ వైరింగ్, ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే తాళం) సంగతి అన్నీ తేలిపోయాయి. యాక్సిలరేటర్ పెడల్ మాత్రం ఇంజిన్‌తో పాటు రాలేదు.

వ్యానగన్‌ది నేలకి కీలుతో బిగించిన పెడల్. అక్కడి నుంచి ఫ్లోర్ కింద పొడవాటి కేబుల్ వెనక ఇంజిన్ దాకా వెళ్తుంది. ఏఎల్‌హెచ్ పంపుకి కేబుల్ తగిలించే లివరే లేదు, అంతా వైరే. ఇప్పుడు నా ముందున్న దారులు ఇవీ.

జంక్‌యార్డ్‌లో మార్క్ 4 (నాలుగో తరం) జెట్టా టీడీఐ పెడల్ దొరుకుతోంది, కానీ అది డాష్ కింద నుంచి వేలాడే రకం. గోల్ఫ్ 5 (ఐదో తరం గోల్ఫ్) పెడల్ ఇంకా చవక, పైగా అది నేల మీద నిలబడే రకం, మన బండికి ఆకారం అచ్చంగా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో ట్రక్కులకి వాడే యూనివర్సల్ ఫ్లోర్ పెడల్స్ ఉన్నాయి. ఇంకో దారి, పాత పెడల్, పాత కేబుల్ అలాగే ఉంచేసి సెన్సర్‌ని వెనక ఇంజిన్ దగ్గర పెట్టడం.

నా మనసు గోల్ఫ్ 5 పెడల్ వైపే లాగుతోంది. ఆరు పిన్నులు దానికీ ఉన్నాయి, దీనికీ ఉన్నాయి. కనెక్టర్ మార్చి వైర్లు కలిపితే నడుస్తుందా? వైరింగ్ బొమ్మలో నా ఈసీయూకి జీ79, ఎఫ్60, ఎఫ్8 అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి.


పంపు_వీపీ37:

గోల్ఫ్ 5 పెడల్ కొనకండి. ఆరు పిన్నులన్నది ఒక్కటే పోలిక, లోపల సరుకు పూర్తిగా వేరు.

ఏఎల్‌హెచ్‌లోని బాష్ వీపీ37 పంపులో ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది లోపల ఉండే ఎలక్ట్రికల్ అడ్జస్టర్. దాన్ని తిప్పేది ఈసీయూ. మన కాలు ఇచ్చేది కేవలం ఒక విన్నపం: ఇంత శాతం కావాలి అని. ఆ విన్నపం ఏ భాషలో రావాలో ఈసీయూకి ముందే రాసిపెట్టి ఉంది. అందుకే పెడల్‌ని ఈసీయూని చూసి ఎంచుకోవాలి. వ్యాన్‌లో అది ఎలా కూర్చుంటుందన్న ఇనుప పని తర్వాత ఎలాగైనా చేసుకోవచ్చు. ఈ వరస తిరగేసినవాళ్లే నెలల తరబడి గ్లో ప్లగ్ లైటు (చలిలో డీజిల్ ఇంజిన్‌ని వేడిచేసే ప్లగ్‌ల లైటు, తప్పు పడితే మిణుకుతుంది) చూస్తూ కూర్చుంటారు.

మీ బొమ్మలో ఉన్న మూడు పేర్ల అర్థం ఇదీ. జీ79 అంటే పొటెన్షియోమీటర్, కాలు నొక్కే కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. ఎఫ్60 అంటే ఐడిల్ స్విచ్, పెడల్ పూర్తిగా పైన ఉందా లేదా అన్న ఒక్క సంగతే చెబుతుంది. ఎఫ్8 కిక్‌డౌన్ స్విచ్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లకే దానితో అసలు పని. అంటే మీ ఈసీయూ పెడల్‌ని సరిచూసుకునే పద్ధతి ఇలా ఉంటుంది: పొటెన్షియోమీటర్ ఒక అంకె చెబుతుంది, దాన్ని ఎఫ్60 స్విచ్ సాక్ష్యంగా బలపరచాలి.

గోల్ఫ్ 5 పెడల్‌లో ఆ స్విచ్ లేదు. అందులో తాకిడి లేని ఇండక్టివ్ సెన్సర్లు రెండు ఉంటాయి, జీ79, జీ185. రెండిటికీ వేర్వేరు 5 వోల్టులు, వేర్వేరు గ్రౌండ్లు, వేర్వేరు సిగ్నళ్లు, అలా ఆరు పిన్నులు అయ్యాయి. ఒక సిగ్నల్ ఎప్పుడూ ఇంకోదానికి సగం ఉంటుంది. ఆ తరం ఈసీయూ ఈ రెండు అంకెల నిష్పత్తిని చూసి నమ్ముతుంది. మీ ఈసీయూకి ఆ రెండో అంకెతో పని లేదు, దానికి కావలసిన ఐడిల్ స్విచ్ ఆ పెడల్‌లో లేదు. రిలే పెట్టి, చిన్న సర్క్యూట్ పెట్టి ఎఫ్60ని కల్పించినవాళ్లు ఉన్నారు. కాలి కింద ఉండే ఒక రక్షణ సాక్ష్యాన్ని ఇంట్లో తయారుచేసిన బోర్డుతో అబద్ధంగా పుట్టించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

బొమ్మలో జీ185 కనిపించి ఎఫ్60 కనిపించకపోతే లెక్క తిరగబడుతుంది. 2004, 2005 నాటి బీఈడబ్ల్యూ పంప్ డ్యూజ్ (ప్రతి సిలిండర్‌కి విడి పంపు, ఇంజెక్టర్ కలిసి ఉండే) ఇంజిన్ పెడుతున్నవాళ్లు రెండు సెన్సర్ల పెడలే తెచ్చుకోవాలి, ఏఎల్‌హెచ్ పెడల్ వాళ్లకి పనికిరాదు. ఇంజిన్ పేరు కన్నా బొమ్మలోని ఈ పేర్లనే నమ్మండి.

ట్రక్కు పెడల్స్ సంగతి. విలియమ్స్ కంట్రోల్స్ లాంటివాళ్లవి చాలా గట్టి సరుకు, కాలంతో అరగవు. ఎస్‌ఏఈ జే1843 అని భారీ వాహనాల ఎలక్ట్రానిక్ పెడల్స్‌కి ఒక ప్రమాణమే ఉంది. వాటిలోనూ పొటెన్షియోమీటర్, పక్కన ఐడిల్ వాలిడేషన్ స్విచ్ ఉంటాయి, చూడగానే మన జీ79, ఎఫ్60 జతలాగే అనిపిస్తుంది. కానీ స్విచ్ ఏ వోల్టేజీ దగ్గర మారుతుంది, సిగ్నల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నది ఆ ట్రక్కు ఇంజిన్ ఈసీయూకి తగ్గట్టు పెట్టి ఉంటుంది. కమ్మిన్స్ ఆర్2.8 క్రేట్ ఇంజిన్ కొంటే దాని పెడల్ పెట్టెలోనే ఇచ్చేది ఇందుకే.

కాబట్టి జంక్‌యార్డ్‌లో ఉన్న మార్క్ 4 టీడీఐ పెడలే తెచ్చుకోండి. అదే వరుస పెట్రోల్ బండిది తీయకండి, పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. బయట నిలబడ్డ బండి వెనక టీడీఐ బ్యాడ్జ్ చూసి ఊరుకోక, ఇంజిన్ బే తెరిచి చూసుకోండి. తీసేటప్పుడు కనెక్టర్ పీకి తెచ్చుకోవడం కాదు, దాని వెనక వైర్లు కనీసం 20 సెంటీమీటర్లు ఉండేలా కత్తిరించుకోండి. ఆ కనెక్టర్ విడిగా వెతికితే పెడల్ కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. పెడల్ బిగించే బ్రాకెట్, నట్లు కూడా తెచ్చుకోండి.

డబ్బు కట్టే ముందు అక్కడే మల్టీమీటర్‌తో చూడండి. పొటెన్షియోమీటర్ బయటి రెండు పిన్నుల మధ్య ఓమ్స్ పెడల్ కదిపినా మారకూడదు. మధ్య పిన్నుకీ ఒక చివరకీ మధ్య కొలుస్తూ పెడల్‌ని పది సెకన్లు పట్టేలా మెల్లగా నొక్కండి. అంకె ఒకే దారిన పెరగాలి. మధ్యలో ఒక్కసారి ఓపెన్ చూపించినా, వెనక్కి దూకినా ఆ ట్రాక్ అరిగినట్టే. అరుగు ఎక్కువగా మొదటి పావు ప్రయాణంలోనే ఉంటుంది, హైవే మీద కాలు ఎక్కువసేపు నిలిచేది అక్కడే కదా. ఆ భాగాన్ని మూడు నాలుగు సార్లు చూడండి. ఎఫ్60 పిన్నుల మధ్య కంటిన్యుటీ పెట్టి, పెడల్‌ని వేలితో కొద్దిగా కదపగానే స్విచ్ మారుతుందో లేదో చూడండి. అది సగం నొక్కాక మారితే ఆ పెడల్ వద్దు.


రేకు_సుత్తి:

పైన చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇనుప పని నేను చెబుతాను.

వేలాడే జెట్టా పెడల్‌ని తలకిందులు చేసి నేలకి బిగిద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు. వేలాడే పెడల్ పాదం కిందికి, ముందుకి జారుతూ తిరుగుతుంది, దాని చాపం మడమ నేల మీద ఆన్చి నొక్కే అలవాటుకి వ్యతిరేకం. తలకిందులు చేస్తే సెన్సర్ పెట్టె నేల మీదకి వస్తుంది. వ్యానగన్‌లో డ్రైవరు ముందు చక్రం మీదే కూర్చుంటాడు, చెప్పులకంటిన మంచు, ఉప్పు నీళ్లు, ఇసుక అన్నీ అక్కడే చేరతాయి. ఒహాయో చలికాలంలో ఒక్క సీజన్ చాలు కనెక్టర్ పిన్నులు పచ్చబడటానికి.

మంచి పద్ధతి ఏమిటంటే, కాలు తగిలేది వ్యానగన్ సొంత నేల పెడలే. దాని వెనక నుంచి పొట్టి లింకు రాడ్డు పైకి వెళ్లి, డాష్ కింద పొడిగా ఉండే చోట బిగించిన జెట్టా సెన్సర్ లివర్‌ని తిప్పుతుంది. పాదానికి పాత అలవాటు పోదు, బ్రేకు పెడల్‌తో ఎత్తు తేడా మారదు, సెన్సర్ తడవదు.

కొలతలు ఇలా తీసుకోండి. పెడల్ కీలు నుంచి పాదం ఆనే చోటికి 200 మిల్లీమీటర్లు, అక్కడ ప్రయాణం 50 మిల్లీమీటర్లు అనుకుందాం. లింకు రాడ్డుని ఆ కీలుకి 80 మిల్లీమీటర్ల దూరంలో తగిలిస్తే రాడ్డు కదలిక 80 ని 200తో భాగించి 50తో గుణిస్తే వచ్చేది, 20 మిల్లీమీటర్లు. ఇప్పుడు మీ సెన్సర్ లివర్ సున్నా నుంచి పూర్తి దాకా ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో కోణమాపకంతో చూడండి. 70 డిగ్రీలు వస్తే, లివర్ పొడవు 20 ని 1.147తో భాగిస్తే సరి, దాదాపు 17.5 మిల్లీమీటర్లు. 1.147 అంటే 35 డిగ్రీల సైన్‌కి రెట్టింపు. మీ కోణం వేరైతే దానిలో సగానికి సైన్ తీసుకుని రెట్టింపు చేయండి.

లెక్క సరిగ్గా వచ్చినా లివర్ మీద 15, 17.5, 20 మిల్లీమీటర్ల దగ్గర మూడు రంధ్రాలు వేసుకోండి, తర్వాత మార్చుకోవచ్చు. సగం నొక్కినప్పుడు రాడ్డుకీ లివర్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండేలా పెట్టాలి. ఇది తప్పితే మొదట్లో కొద్ది కాలికే ఎక్కువ శాతం దూకి, మొదటి గేర్‌లో బండి కుదుపుతుంది, లేదా చివర్లో కాలు చచ్చుగా ఉంటుంది. ఈసీయూలో పెడల్ శాతాన్ని డీజిల్‌గా మార్చే మ్యాప్ జెట్టా పెడల్ నడకకి తగ్గట్టు రాసినది. లింకు వంకర అయితే ఆ మ్యాప్ మీద ఇంకో వంకర ఎక్కుతుంది.

బ్రాకెట్‌కి 3 మిల్లీమీటర్ల స్టీలు రేకు. ముందు అట్టముక్కతో నమూనా కోసి, సీట్లో కూర్చుని, చలికాలం బూట్లు వేసుకుని, కాలు ఆడించి చూడండి. ఎం6 బోల్టులు, నైలాక్ నట్లు, రేకు వెనక వైపు ఇంకో చిన్న పట్టీ రేకు పెట్టండి, లేకపోతే పల్చటి బాడీ రేకు మీద బ్రాకెట్ ఊగుతుంది. ఊగిన ప్రతి మిల్లీమీటరూ సెన్సర్‌కి కాలు కదిలినట్టే. లింకు చివరలకి బాల్ జాయింట్లు వాడండి. వంచిన కడ్డీని రంధ్రంలో దూర్చి స్ప్లిట్ పిన్ పెడితే ఆర్నెల్లకే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆగే చోటు. పూర్తిగా నొక్కినప్పుడు పెడల్ నేలకి బిగించిన ఒక స్టాప్ బోల్టుకి తగిలి ఆగాలి. సెన్సర్ లోపలి ప్లాస్టిక్ అంచుకి తగిలి ఆగకూడదు. కొండ ఎక్కుతూ మనిషి కాలితో బలంగా తొక్కితే ఆ బరువంతా లివర్ మీద పడుతుంది. సెన్సర్ చివరి అంచుకి ఇంకా రెండు డిగ్రీలు మిగిలి ఉండగానే స్టాప్ తగిలేలా సర్దండి. 100 శాతం అంతకు ముందే వచ్చేస్తుంది.

స్ప్రింగులు రెండు ఉండాలి. ఒకటి సెన్సర్ లివర్‌ని వెనక్కి లాగేది, ఒకటి నేల పెడల్‌ని వెనక్కి లాగేది. ఒక్కటే ఉండి లింకు ఊడిపోతే కింద పెడల్ ఖాళీగా పడిపోతుంది, పైన సెన్సర్ ఎక్కడుంటే అక్కడే నిలుస్తుంది. అమెరికాలో ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 124 అనే నిబంధన సరిగ్గా దీని గురించే: వెనక్కి తెచ్చే శక్తి కనీసం రెండు చోట్ల నుంచి రావాలి, వాటిలో ఏ ఒక్కటి పోయినా 4,536 కిలోల లోపు బండి 1 సెకనులో ఐడిల్‌కి చేరాలి, మైనస్ 18 డిగ్రీల చలిలో అయితే 3 సెకన్లలో. అది కంపెనీలకి రాసినదే అయినా ఇంటి పనికి అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఒక్కో స్ప్రింగు విడిగా ఊడదీసి పెడల్ వదిలి చూడండి. చివరగా ఫ్లోర్ మ్యాట్ పరిచి, దాన్ని ముందుకి తోసి, అప్పుడూ పెడల్ తిరిగి వస్తుందో చూడండి.


మ్యూనిక్_టీ3:

ఐరోపాలో ఈ వ్యాన్‌ని టీ3 అంటారు, ఇక్కడ 1.6 టర్బో డీజిల్ జేఎక్స్ ఇంజిన్‌తో ఫ్యాక్టరీ నుంచే కేబుల్ పెడల్ వచ్చేది. కాబట్టి సెన్సర్‌ని వెనక పెట్టే దారిని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. పాత కేబుల్, పెడల్ ముట్టుకోనక్కర్లేదు. ఈసీయూ వెనక సీటు కింద పెడితే సిగ్నల్ వైరు ఒకటిన్నర మీటరులో అయిపోతుంది, ముందు నుంచి లాగితే నాలుగైదు మీటర్లు.

చేసేటప్పుడు లివర్ బదులు అర్ధచంద్రం ఆకారపు సెక్టార్ కోయండి, కేబుల్ దాని గాడిలో చుట్టుకోవాలి. అప్పుడు కదలిక అంతటా సమానంగా ఉంటుంది. కేబుల్ లాగుడు 40 మిల్లీమీటర్లు, సెన్సర్ తిరుగుడు 70 డిగ్రీలు అయితే వ్యాసార్ధం 40 ని 1.22తో భాగిస్తే 33 మిల్లీమీటర్లు. సెక్టార్ దగ్గర ఒక స్ప్రింగు, పెడల్ దగ్గర ఒక స్ప్రింగు తప్పనిసరి. కేబుల్ చివర ఒక మిల్లీమీటరు వదులు ఉంచాలి, బిగుతుగా పెడితే ఐడిల్‌లో సెన్సర్ పూర్తిగా వెనక్కి రాదు.

ఇక్కడ ఇంజిన్ మార్పుకి తనిఖీ అధికారి సంతకం కావాలి. ఫ్యాక్టరీ కేబుల్, పెడల్ ఉన్నవి ఉన్నట్టే ఉంటే ఆ భాగంలో ఆయనకి అడగడానికి ప్రశ్నలు తక్కువ ఉంటాయి.

ఎలక్ట్రానిక్స్ మీద బొత్తిగా నమ్మకం లేనివాళ్లకి మెకానికల్ పంపు దారి ఎలాగూ ఉంది. ఏఏజెడ్ 1.9 టర్బో డీజిల్ పంపుకి లివర్ ఉంటుంది, పాత కేబుల్ చాలు, పెడల్ ప్రశ్నే రాదు.


పంపు_వీపీ37:

మ్యూనిక్ గారూ, లెక్క సరైనదే. ఏఎల్‌హెచ్ విషయంలో నా అభ్యంతరం ఒక్కటే, ఎఫ్60. కొత్త కేబుల్ మొదటి కొన్ని వారాల్లో సాగుతుంది, గొట్టంలో నీరు చేరి చలికి బిగుసుకుంటుంది. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా స్విచ్ ఐడిల్ నుంచి బయటికి వచ్చేస్తుంది, పొటెన్షియోమీటర్ మాత్రం ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది.  సాక్షులిద్దరూ రెండు మాటలు చెబితే ఈసీయూ ఎవరినీ నమ్మదు, ఐడిల్ పెంచి పెడల్‌ని వదిలేస్తుంది. వెనక పెట్టేవాళ్లు కొత్త కేబుల్, కొత్త రబ్బరు తొడుగు వేసి, సెన్సర్‌ని చక్రం చిమ్మే నీళ్లకీ టర్బో వేడికీ దూరంగా పెట్టాలి. ఏటా చలికాలం ముందు ఒకసారి వదులు చూసుకోవాలి. అది చేస్తామంటే నడుస్తుంది.


వెనకింజిన్_87:

మార్క్ 4 టీడీఐ పెడల్ దొరికింది, జంక్‌యార్డ్‌లోనే కొలిచాను, ట్రాక్ శుభ్రంగా ఉంది. రేకు_సుత్తి అన్న చెప్పినట్టు లింకు రాడ్డుతో డాష్ కింద బిగించాను. రాడ్డు కదలిక 21 మిల్లీమీటర్లు వచ్చింది, 17.5 రంధ్రం వాడాను. వీసీడీఎస్‌లో (ఈసీయూ అంకెలు, కోడ్‌లు చదివే సాఫ్ట్‌వేర్) 002 గ్రూపు చూస్తే వదిలినప్పుడు 0.0, పూర్తిగా నొక్కితే 100.0.

రెండు సమస్యలు మిగిలాయి. కీ తిప్పి గ్లో ప్లగ్‌లు వెలిగినంతసేపు 0.0 ఉండాల్సిన చోట 2, 3 శాతం చూపిస్తుంది, ప్లగ్‌లు ఆగగానే సున్నా అవుతుంది. ఒకటి రెండు సార్లు 18047 కోడ్ కూడా పడింది. రెండోది, బ్రేకు లైటు స్విచ్ కోడ్ పోవడం లేదు. వ్యానగన్ బ్రేకు లైటు వైరు నుంచి ఒక తీగ లాగి ఈసీయూకి ఇచ్చాను, అది చాలదా?


పంపు_వీపీ37:

మొదటిది గ్రౌండ్. పెడల్ గ్రౌండ్ వైరుని డాష్ కింద బాడీకి బిగించి ఉంటారు, వెళ్లి చూడండి.

నాలుగు గ్లో ప్లగ్‌లు కలిపి 50 ఆంపియర్ల దాకా లాగుతాయి. ఆ కరెంటు తిరిగి బాడీ గుండా, ఇంజిన్ గ్రౌండ్ పట్టీ గుండా బ్యాటరీకి చేరుతుంది. 36 ఏళ్లు దాటిన బాడీలో తుప్పు పట్టిన ప్రతి అతుకు దగ్గరా కొంచెం వోల్టేజీ పడుతుంది. పెడల్ గ్రౌండ్ బాడీ మీద ఉంటే ఆ పడిన వోల్టేజీ మొత్తం సిగ్నల్ మీద ఎక్కుతుంది. సిగ్నల్ నడక సుమారు 3 వోల్టులే అనుకుంటే, పదో వంతు వోల్టు తేడా వచ్చినా 3 శాతం. మీరు చూస్తున్నది సరిగ్గా అదే. స్విచ్ ఐడిల్ అంటుంటే సిగ్నల్ కదిలింది కాబట్టి 18047, అంటే సిగ్నల్ నమ్మశక్యంగా లేదు అన్న కోడ్.

సెన్సర్ గ్రౌండ్ ఈసీయూ ఇచ్చే సెన్సర్ గ్రౌండ్ పిన్నుకే తిరిగి వెళ్లాలి, దారిలో ఎక్కడా బాడీని తాకకూడదు. ముందు నుంచి వెనక దాకా ఆరు తీగల షీల్డు కేబుల్, అర చదరపు మిల్లీమీటరు మందం చాలు. షీల్డుని ఈసీయూ వైపు ఒక్క చివరే గ్రౌండ్ చేయండి, పెడల్ వైపు కత్తిరించి టేపు చుట్టండి. రెండు వైపులా చేస్తే షీల్డే గ్రౌండ్ దారి అయిపోతుంది. ఆ 5 వోల్టుల నుంచి బూస్ట్ గేజీకో ఇంకోదానికో తీగ లాగకండి. ఖాళీ అయిన పాత యాక్సిలరేటర్ కేబుల్ గొట్టంలోంచి వైరు దూరుస్తారు కొందరు. ఆ గొట్టం నీళ్లు పట్టే గొట్టం, అందులో వద్దు. పాత వైరింగ్ వెళ్లే దారినే తీసుకెళ్లండి, స్టార్టర్, ఆల్టర్నేటర్, గ్లో ప్లగ్ తీగలకి ఒక చెయ్యి దూరం ఉంచండి.

కలిపిన ప్రతి చోటా క్రింప్ చేసి వేడికి ముడుచుకునే ట్యూబు వేయండి. పెడల్ దగ్గర వైరుకి కొంచెం వంపు వదలండి, లివర్ తిరిగినప్పుడు అది లాగకూడదు.


రేకు_సుత్తి:

బ్రేకు స్విచ్ సంగతి నేను చెబుతాను, ఇదీ పెడల్ కథలో భాగమే. యాక్సిలరేటర్ నొక్కి ఉన్నప్పుడు బ్రేకు కూడా నొక్కారా అన్నది ఈసీయూ గమనిస్తుంది, దానికి ఒక తీగ చాలదు, రెండు కావాలి. జెట్టాలో బ్రేకు పెడల్ మీద నాలుగు పిన్నుల స్విచ్ ఉంటుంది. ఒక సగం, ఎఫ్, నొక్కినప్పుడు 12 వోల్టులు ఇస్తుంది. రెండో సగం, ఎఫ్47, వదిలినప్పుడు 12 వోల్టులు ఇచ్చి నొక్కగానే తీసేస్తుంది. మీరు ఒక్కటే ఇచ్చారు కాబట్టి రెండోది ఎప్పుడూ నొక్కినట్టే కనిపిస్తోంది.

వ్యానగన్‌లో ఉన్నవి మాస్టర్ సిలిండర్ మీద ఉండే ఒత్తిడి స్విచ్‌లు. నొక్కితే కలుస్తాయి తప్ప విడిపోయే రకం కాదు. తొందరగా పని కావాలంటే ఐదు పిన్నుల రిలే: 86వ పిన్నుకి బ్రేకు లైటు తీగ, 85 గ్రౌండ్, 30కి కీ ఆన్ చేస్తే వచ్చే 12 వోల్టులు, 87ఏ నుంచి ఈసీయూ ఎఫ్47 పిన్నుకి. కోడ్ పోతుంది.

కానీ అక్కడితో ఆగొద్దని గట్టిగా చెబుతాను. ఆ ఒత్తిడి స్విచ్ మీదుగానే బల్బుల కరెంటు వెళ్తుంది, దాని కాంటాక్టులు కాలిపోవడం ఈ బండ్లలో మామూలే. అది చచ్చిపోయిన రోజు రిలే కదలదు, రెండు తీగలూ ఏకకంఠంతో బ్రేకు నొక్కలేదు అంటాయి. కోడ్ రాదు, వెనక లైట్లు వెలగవు, మీకు తెలిసేది వెనక బండివాడు హారన్ కొట్టినప్పుడే. జంక్‌యార్డ్‌కి ఇంకోసారి వెళ్లి ఆ నాలుగు పిన్నుల స్విచ్ తెచ్చుకోండి. బ్రేకు పెడల్ చేతికి ఎదురుగా చిన్న ఎల్ ఆకారపు బ్రాకెట్ పెట్టి, పెడల్ వదిలినప్పుడు ప్లంజర్ పూర్తిగా లోపలికి పోయేలా, 5 మిల్లీమీటర్లు నొక్కేలోపే మారేలా సర్దండి. 006 గ్రూపులో బ్రేకు అంకెలు రెండూ ఒకేసారి మారాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత మారితే స్విచ్ దూరం ఇంకా సరిపోలేదు.


వెనకింజిన్_87:

గ్రౌండ్ మీరన్నట్టే డాష్ కింద హీటర్ బోల్టుకి ఉంది. తీసేసి ఈసీయూ పిన్నుకి కలిపాను, ప్లగ్‌లు వెలిగినా 0.0 కదలడం లేదు. బ్రేకుకి ప్రస్తుతం రిలే పెట్టాను, నాలుగు పిన్నుల స్విచ్ కోసం శనివారం జంక్‌యార్డ్‌కి వెళ్తాను. ఇంకొక్క సందేహం: నెమ్మదిగా నొక్కుతుంటే 0.0 నుంచి నేరుగా 4 శాతానికి వెళ్తోంది, మధ్య అంకెలు రావు. ట్రాక్ అరిగిందా?


పంపు_వీపీ37:

ముందు ట్రాక్‌ని అనుమానించకండి. 002 గ్రూపు మూడో గడిలో ఐడిల్ అంకె ఎక్కడ మారుతుందో చూడండి. అది మారే చోటే శాతం మొదలవుతుంటే స్విచ్ కొంచెం ఆలస్యంగా వదులుతోందని అర్థం. లింకు రాడ్డు పొడవుని అర చుట్టు సర్ది, వదిలినప్పుడు సెన్సర్ లివర్ తన వెనక అంచుకి పూర్తిగా ఆనుతోందో లేదో వేలితో తట్టి చూడండి. లివర్ ఆనుతున్నా దూకుడు అలాగే ఉంటే, కనెక్టర్ తీసి ఓమ్స్‌తో మొదటి పది డిగ్రీలు మళ్లీ కొలవండి. అక్కడ అంకె నున్నగా పెరిగితే ట్రాక్ బాగున్నట్టే, ఆ 4 శాతం ఐడిల్ దగ్గర ఈసీయూ వదిలిపెట్టే ఖాళీ. దాన్ని అలాగే ఉండనివ్వండి, రాడ్డు లాక్ నట్టు మాత్రం బిగించడం మరవకండి.